మోకాలి నొప్పితో జిమ్‌లో చేరినవాళ్లకి: మొదటి మూడు నెలలు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 44 ఏళ్లు, 86 కిలోలు, పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కుడి మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు కొంచెం, దిగేటప్పుడు బాగా నొప్పి. ఎక్స్‌రే తీసి అరుగుదల రెండో గ్రేడులో ఉందన్నారు. "బరువు తగ్గండి, తొడ కండరాలు గట్టిపరచుకోండి" అని డాక్టరుగారు చెబితే జిమ్‌లో చేరారు. ట్రైనర్ మొదటి రోజే 60 బస్కీలు తీయించి, ట్రెడ్‌మిల్ మీద పావుగంట పరుగెత్తించాడు. మూడో రోజుకి మోకాలు బూరెలా పొంగింది. ఇంట్లోవాళ్లు జిమ్ మానెయ్యమంటున్నారు, డాక్టరేమో వ్యాయామం చెయ్యమన్నారు, ఐదు నెలల్లో అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కు కూడా ఉంది. ఎవరి మాట వినాలి అని అడిగారు.

డాక్టరు మాట వినండి. జిమ్ మానకండి. ఆ 60 బస్కీలూ పరుగూ మాత్రం ఇప్పట్లో వద్దు.

నేను విజయవాడలో 19 ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. వారానికి మూడు సాయంత్రాలు ఒక జిమ్‌లో కూర్చుంటాను కాబట్టి మీలాంటివాళ్లు రోజూ కనిపిస్తారు. జనవరి మొదటి వారంలో చేరతారు, సంక్రాంతికల్లా మోకాలు పట్టుకుంటారు, పండక్కి ఊరెళ్లి మళ్లీ రారు. వాళ్లకి అరిగింది గుజ్జు కంటే ధైర్యమే ఎక్కువ. వాళ్లలో సగంమందైనా మొదటి రెండు వారాలు కాస్త తగ్గించి మొదలుపెట్టి ఉంటే ఇప్పటికీ జిమ్‌లోనే ఉండేవాళ్లని నా నమ్మకం.

ముందు ఆ వాపు సంగతి చూడండి. మంచం మీద రెండు కాళ్లూ చాపుకుని, తొడలు వదులుగా వదిలేసి, రెండు మోకాళ్లనీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మంచి మోకాలికి చిప్ప లోపలివైపు చిన్న పల్లం కనిపిస్తుంది. కుడి మోకాలికి ఆ పల్లం పూడిపోయి ఉంటే లోపల ఇంకా నీరుందని అర్థం. ఆ నీరున్నంతసేపూ జిమ్‌లో కాళ్ల వ్యాయామాలు వద్దు. నొప్పి ఒక్కటే కారణం కాదు. మోకాలి కీలులో 20, 30 మిల్లీలీటర్ల నీరు చేరినా చాలు, తొడ ముందు కండరానికి, ముఖ్యంగా చిప్పకి లోపలివైపు ఉండే భాగానికి, నరాల నుంచి వచ్చే ఆదేశం తగ్గిపోతుంది. కండరం ఉంటుంది, కానీ పని చెయ్యదు. అది పని చెయ్యని కాలితో మీరు బస్కీ తీస్తే భారమంతా కీలు మీదే పడుతుంది. వాపు మోకాలితో "కాలు వదిలేస్తున్నట్టుంది" అని జనం అనేది ఇందుకే.

కొన్ని లక్షణాలుంటే ఈ సమాధానం పక్కనబెట్టి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాలు మెలికపడి టప్‌మని శబ్దం వచ్చి కొద్ది గంటల్లోనే పొంగినా, మోకాలు సగంలో ఇరుక్కుని చాపలేకపోతున్నా, కాలు మీద బరువే మోపలేకపోతున్నా ఆలస్యం చెయ్యొద్దు. మోకాలు ఎర్రబడి వేడిగా ఉండి జ్వరం వచ్చినా, పిక్క గట్టిపడి వాచినా ఆ రోజే వెళ్లాలి. కదలకుండా పడుకున్నా రాత్రంతా నొప్పి నిద్ర పోనివ్వకపోతే అది కూడా చూపించుకోవాల్సిందే. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు. మీది మెట్లు దిగేటప్పుడు, ఎక్కువసేపు కూర్చుని లేచేటప్పుడు చిప్ప వెనకాల వచ్చే నొప్పి. సినిమాలో ఇంటర్వెల్‌కి లేచేసరికి మోకాలు పట్టేస్తుందే, ఆ నొప్పి. మా పుస్తకాల్లో దానికి మూవీ సైన్ అని పేరే ఉంది.

రెండో గ్రేడు అన్న మాటకి మీరు బాగా బెదిరినట్టున్నారు. కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1957లో ఎక్స్‌రేలు చూసి 0 నుంచి 4 వరకు వేసిన లెక్క అది. ఎముకల ఫొటోని కొలుస్తుంది, నొప్పిని కాదు. మూడో గ్రేడు ఫొటోతో పొలం పనికి వెళ్లేవాళ్లని చూశాను, ఫొటోలో ఏమీ లేకుండా మెట్లెక్కలేనివాళ్లనీ చూశాను. "గుజ్జు అరిగిపోయింది, ఇంక వాడితే ఇంకా అరుగుతుంది" అని పక్కింటివాళ్లు చెప్పే మాట టైరుకి సరిపోతుంది, మోకాలికి సరిపోదు. గుజ్జులోకి రక్తనాళాలు వెళ్లవు. కీలు కదిలి, భారం పడి, మళ్లీ తీసినప్పుడే కీలులోని ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. నెలల తరబడి కదలకపోతే పలచబడేది కూడా గుజ్జే.

అయితే ఎంత భారం? దీనికి అందరికీ సరిపోయే అంకె లేదు. నేను అందరికీ చెప్పే లెక్క ఇది. నొప్పికి 0 నుంచి 10 వరకు మార్కులెయ్యండి. వ్యాయామం చేస్తున్నప్పుడు 3 దాకా వస్తే ఫరవాలేదు. 5 దాటితే ఆ వ్యాయామం అక్కడితో ఆపాలి. అసలు పరీక్ష జిమ్‌లో జరగదు, మర్నాడు పొద్దున మంచం దిగి బాత్‌రూమ్‌కి నడిచే మొదటి పది అడుగుల్లో జరుగుతుంది. ఆ పది అడుగులూ నిన్నటిలాగే ఉంటే నిన్న చేసినది సరిపడా ఉందన్నమాట. నిన్నటికంటే బిగుసుగా, నొప్పిగా ఉంటే, లేదా ఆ పల్లం పూడిపోతే, నిన్న ఎక్కువైంది. అప్పుడు వారం సెలవు పెట్టక్కర్లేదు, తర్వాతిసారి బరువో లెక్కో మూడో వంతు తగ్గించండి చాలు. ఈ పది అడుగుల సంగతి ఫోనులో రోజూ ఒక్క ముక్క రాసిపెట్టుకోండి. "బాగుంది", "బిగుసు", అంతే. నెల తిరిగేసరికి మీ మోకాలి గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుస్తుంది.

తొడ కండరం మొత్తం పచ్చిపుండులా సలుపుతూ, రెండు రోజుల్లో తగ్గిపోయే నొప్పి వేరు. అది కొత్తగా పనిచేసిన కండరం నొప్పి, దానికి భయపడక్కర్లేదు. ఒక వేలు పెట్టి "ఇదిగో, ఇక్కడ" అని చూపించగలిగే నొప్పి, చిప్ప అంచునో కీలు సందులోనో ఉండేది, దాన్ని పట్టించుకోండి.

మొదటి వారం జిమ్‌కి వెళ్లినా పైశరీరం మాత్రమే చెయ్యండి. కాళ్లకి ఇంట్లోనే రెండు పనులు. ఒక తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని, దాన్ని మంచానికేసి నొక్కండి, 5 అంకెలు లెక్కపెట్టి వదలండి, 10 సార్లు. నొక్కేటప్పుడు తొడ మీద చెయ్యి వేసి చూస్తే కండరం రాయిలా బిగుసుకోవాలి. రెండోది, ఎడమ మోకాలు మడిచిపెట్టి కుడికాలు నిటారుగా ఒక అడుగు ఎత్తున లేపి 5 అంకెలు ఆపడం, 10 సార్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కాలు లేపేటప్పుడు మోకాలు కొంచెం వంగిపోతుంటే మాత్రం అది చిన్న విషయం కాదు, తొడ కండరం ఇంకా మేలుకోలేదని.

రెండో వారం నుంచి జిమ్ మొదలు. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ ఉండేలా.

ముందు సైకిల్, 10 నిమిషాలు. పరికరం మంచిదే, కానీ మా జిమ్‌లో పదిమందిలో ఎనిమిదిమంది సీటు కిందికి పెట్టుకుని తొక్కుతారు, రోడ్డు మీద స్కూటీలా కాళ్లు రెండూ నేలకి ఆనాలన్న అలవాటు. సీటు కిందికుంటే మోకాలు బాగా మడుచుకుని చిప్ప తొడ ఎముకకేసి నొక్కుకుంటుంది. సీటెక్కి మడమని పెడల్ మీద పెట్టి కిందికి తిప్పండి. పెడల్ అడుగుకి వచ్చినప్పుడు కాలు దాదాపు నిటారు కావాలి. ఆ తర్వాత పాదం ముందుభాగం పెట్టి తొక్కితే మోకాలికి కొద్దిపాటి వంపు మిగులుతుంది, అదే సరైన ఎత్తు. తొక్కుతుంటే మోకాలి ముందు నొప్పి వస్తే సీటు ఒక గీత పైకి, వెనక లాగితే ఒక గీత కిందికి. బరువు తక్కువ పెట్టి చకచకా తొక్కండి, ఎత్తు ఎక్కుతున్నట్టు ఈడ్చొద్దు.

ఇక అసలు వ్యాయామం. మా దగ్గర దీని పేరు బెంచీ మీంచి లేవడం. బస్కీకి ఇది అక్షరాభ్యాసం అనుకోండి. జిమ్‌లో బెంచీ మీద ఒక రబ్బరు మ్యాట్ మడతపెట్టి, కూర్చుంటే మీ తొడలు మోకాళ్లకంటే కొంచెం ఎత్తుగా ఉండేలా చూసుకోండి. అద్దానికెదురుగా కూర్చోండి. పాదాలు నడుమంత వెడల్పులో, వేళ్లు కొద్దిగా బయటికి. చేతులు గుండెల మీద కట్టుకోండి, తొడల మీద ఆనించి లేవొద్దు. ముందుకి వంగండి, మీ ముక్కు కాలివేళ్లకి తిన్నగా పైకి వచ్చేదాకా. అప్పుడు మడమలు నేలకి నొక్కి లేవండి. కూర్చునేటప్పుడు మాత్రం నాలుగు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. పిర్రలు బెంచీకి తగిలేది మీకు వినపడకూడదు. చివరి నాలుగు వేళ్ల ఎత్తులో దబ్బున కూలబడిపోతున్నారంటే ఎత్తు చాలలేదు, ఇంకో మ్యాట్ వెయ్యండి. సిగ్గుపడే పని కాదు.

అద్దంలో చూడాల్సింది ఒకటే, మోకాలు ఎటు పోతోంది. నూటికి తొంభైమందికి, ముఖ్యంగా నొప్పి ఉన్న కాలు, లేచేటప్పుడు లోపలికి వాలిపోతుంది, రెండు మోకాళ్లూ గుసగుసలాడుకుంటున్నట్టు. చిప్ప తన గాడిలోంచి పక్కకి రాసుకుంటూ కదులుతుంది, నొప్పి అక్కడే పుడుతుంది. మోకాలు లోపలికి రానివ్వొద్దు అని ఊరికే చెబితే ఎవరికీ రాదు. నేను చెప్పేదేంటంటే, మీ రెండు పాదాల కింద ఒక గోనెపట్టా ఉందనుకోండి, పాదాలు కదపకుండా దాన్ని చెరోవైపు చించుతున్నట్టు నేలని బిగించి లేవండి. వెంటనే పిర్రల పక్క కండరాలు బిగుసుకుంటాయి, మోకాలు రెండో వేలికి తిన్నగా నిలబడుతుంది. 10 సార్లు చేసి ఒక నిమిషం ఆగి ఇంకో 10. పది అడుగుల పరీక్ష రెండు వారాలు వరసగా బాగుంటే మ్యాట్ తీసేసి కింది ఎత్తు నుంచి లేవండి. ఆ తర్వాత 5 కిలోల డంబెల్ గుండెలకి హత్తుకుని చెయ్యండి, నెలకల్లా 10 కిలోలు.

"మోకాలు కాలివేళ్లు దాటకూడదు" అని మీ ట్రైనర్ అన్నాడని రాశారు. దాన్ని శాసనంలా పట్టుకోవద్దు. మెట్లు దిగినప్పుడల్లా మోకాలు వేళ్లు దాటుతూనే ఉంటుంది. బలవంతంగా వెనక్కి ఆపితే ఆ భారం నడుముకి పోతుంది. మొదట్లో కొంచెం వెనకే ఉంచుకోవడం మంచిదే, జీవితాంతం అక్కర్లేదు.

తర్వాతది లెగ్ ప్రెస్, వెనక్కి ఆనుకుని కూర్చుని రెండు పాదాలతో ఒక పలకని తోసే మెషీన్. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి జిమ్‌లో నాకు నచ్చిన మెషీన్ ఇదే, వీపుకి ఆధారం ఉంటుంది, బరువు కిలో కిలోగా పెంచుకోవచ్చు. పాదాలు పలకకి పైభాగంలో, నడుమంత వెడల్పులో పెట్టండి. కిందికి పెట్టుకుంటే మోకాలి ముందుభాగం మీద ఒత్తిడి పెరుగుతుంది. మోకాళ్లు ఛాతీ దాకా రానివ్వొద్దు. నిటారు కాలిని సున్నా అనుకుంటే 45 డిగ్రీల దాకా, కొన్నాళ్లకి 60 దాకా వంచితే చాలు. చాపేటప్పుడు టక్‌మని బిగించెయ్యకుండా వెంట్రుకవాసి వంపు ఉంచండి. బరువెంత అంటే, 12 సార్లు తోశాక ఇంకో నాలుగు తొయ్యగలను అనిపించేంత. అది 20 కిలోలు కావచ్చు, 40 కావచ్చు, పక్క కుర్రాడు ఎంత పెట్టాడో మీకు అనవసరం.

కూర్చుని కాలు ముందుకి చాపే మెషీన్, లెగ్ ఎక్స్‌టెన్షన్, దీని విషయంలో నేనే తప్పు చేశాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో మోకాలి నొప్పి అనగానే అందర్నీ దానిమీద కూర్చోబెట్టేవాణ్ణి, "తొడ కండరం ఒక్కదాన్నే పట్టుకుంటుంది" అని పాఠం కదా. ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు నాలుగోసారి వచ్చి, "నాయనా, మీ దగ్గరికి వచ్చిన రోజు రాత్రే నాకు నొప్పి ఎక్కువ. సోమ, బుధ, శుక్ర. మీ దగ్గరికొస్తే చాలు నొప్పొస్తోంది" అని కాగితం మీద తేదీలు వేసి చూపించారు. లెక్కల మాస్టారు కదా. ఆ మెషీన్‌లో బరువు పాదం దగ్గర వేలాడుతుంది కాబట్టి కాలు నిటారుకి దగ్గరయ్యేకొద్దీ తొడ కండరం ఎక్కువ లాగాలి. అదే సమయంలో చిప్పకీ ఎముకకీ తాకే చోటు చిన్నదవుతుంది. తక్కువ చోటు మీద ఎక్కువ ఒత్తిడి. లెగ్ ప్రెస్‌లో దీనికి తలకిందులు, వంపు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. అందుకే లెగ్ ప్రెస్‌ని మొదట్లో నిటారు నుంచి 45 డిగ్రీల దాకా, లెగ్ ఎక్స్‌టెన్షన్‌ని చెయ్యాల్సివస్తే 90 నుంచి 45 దాకా మాత్రమే వాడతాం. మీరు మొదటి రెండు నెలలూ ఆ మెషీన్ జోలికి వెళ్లకండి. పోయేదేం లేదు. మాస్టారు చూపించిన ఆ కాగితం నుంచే పది అడుగుల డైరీ రాయించడం అలవాటైంది నాకు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, 12 సార్లు. ఒక పక్కకి తిరిగి పడుకుని పైకాలు నిటారుగా, కాస్త వెనక్కి ఉంచి లేపడం, 12 సార్లు. ఇది పిర్ర పక్క కండరానికి, మోకాలు లోపలికి వాలకుండా ఆపేది అదే. బోర్లా పడుకుని కాళ్లు వెనక్కి మడిచే లెగ్ కర్ల్ మెషీన్ తొడ వెనక కండరానికి, తేలిక బరువుతో. గోడ పట్టుకుని మడమలెత్తి నిలబడడం పిక్కలకి, 15 సార్లు. ఇవన్నీ రెండేసి విడతలు. మొత్తం కలిపి 40 నిమిషాలు దాటదు. దాటుతోందంటే మధ్యలో ఫోను చూస్తున్నారన్నమాట.

ట్రెడ్‌మిల్ మీద మూడు నెలల దాకా నడకే. గంటకి 4, 4.5 కిలోమీటర్ల వేగం చాలు, 15 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి రెండు మూడు నిమిషాలు పెంచండి. గెంతడాలు, తాడాట, ఒక కాలు ముందుకేసి రెండో మోకాలు నేలకి దించే వ్యాయామం (దాని ఇంగ్లీషు పేరు తెలుగులో రాస్తే బాగుండదు, మీకు తెలుసు), ఇవన్నీ మూడు నెలల తర్వాత సంగతి. గోడకి వీపు ఆనించి గాల్లో కుర్చీ వేసి నిమిషాలకొద్దీ ఆపడం కూడా ఇప్పుడే వద్దు. కొందరికి హాయిగా ఉంటుంది, చిప్ప వెనక నొప్పి ఉన్నవాళ్లకి చాలాసార్లు పడదు.

ట్రైనర్‌తో గొడవ పెట్టుకోకండి. వాళ్లలో చాలామంది మంచి కుర్రాళ్లే, పాతికేళ్ల మోకాళ్లతో ఆలోచిస్తారు, అంతే. "తమ్ముడూ, ఈ మూడు నెలలు నాకు చెమట పట్టకపోయినా ఫరవాలేదు. నా మోకాలు లోపలికి వాలుతోందా లేదా అన్నది ఒక్కటి చూడు, చాలు" అనండి. ఏం చూడాలో చెబితే చక్కగా చూస్తారు.

జిమ్‌కి వెళ్లేముందు నొప్పి మాత్ర వేసుకోవడం చాలామంది చేస్తున్నారు. వద్దు. మార్కులు వెయ్యడానికి నొప్పి ఉండాలి కదా. మోకాలికి తొడిగే పట్టీ (ఇంగ్లీషులో నీ-క్యాప్) వేసుకుంటే ధైర్యంగా ఉందంటే వేసుకోండి, కొంతమందికి నిజంగానే సుఖంగా ఉంటుంది, కానీ అది కండరం చేసే పని చెయ్యదు. గుజ్జుకి మంచిదని అమ్మే గ్లూకోసమైన్ మాత్రల గురించి కూడా అడిగారు. అమెరికాలో 1,583 మంది మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2006లో వచ్చింది. మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్రకంటే మెరుగని తేలలేదు. ఆ డబ్బుతో నాలుగు నెలల జిమ్ ఫీజు కట్టొచ్చు.

ఇంట్లో మార్చుకోవాల్సినవి కొన్ని. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని గంటలు గడపడం ఈ మూడు నెలలు తగ్గించండి. వెస్టర్న్ బాత్‌రూమ్ ఉంటే అదే వాడండి. పూజకి ఎత్తు పీట వేసుకోండి, దేవుడేమీ అనుకోడు. మోకాలు కుదుటపడ్డాక నేలమీద కూర్చోవడం మళ్లీ మొదలుపెట్టించే బాధ్యత నాది, దాన్ని శాశ్వతంగా వదిలేయమని నేనెవరికీ చెప్పను. ఆఫీసులో ముప్పావుగంటకోసారి బల్ల కింద కాలు చాపి తొడ బిగించి వదలండి, పదిసార్లు.

బరువు సంగతి ఒక్క లెక్కతో చెబుతాను. మోకాలి అరుగుదల ఉన్నవాళ్ల మీద 2005లో వచ్చిన పరిశోధనలో, ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతోందని తేలింది. మీరు 5 కిలోలు తగ్గితే అడుగు అడుగుకీ 20 కిలోలు, అంటే దాదాపు ఒక బియ్యం బస్తా దించినట్టు. కానీ ఈ వ్యాయామాలతోనే ఆ 5 కిలోలు పోతాయనుకోకండి. 454 మందిని ఏడాదిన్నర పాటు చూసి 2013లో వెలువరించిన పరీక్షలో, తిండీ వ్యాయామం రెండూ మార్చినవాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది. రాత్రి రెండోసారి పెట్టుకునే అన్నం, ఆఫీసులో సాయంత్రం నాలుగు గంటల సమోసా, మీరు మొదలుపెట్టాల్సింది అక్కడ.

మొదటి మూడు నాలుగు వారాల్లో అద్దంలో ఏ మార్పూ కనపడదు. అయినా మెట్లెక్కడం తేలికైనట్టుంటుంది, ఎందుకంటే ముందు మేలుకునేది నరాలు, కండరం పెరగడం ఆ తర్వాత. ఆరో వారంలో చాలామందికి ఒకసారి నొప్పి తిరగబెడుతుంది. ఏదో పెళ్లిలో రాత్రంతా నిలబడడమో, బాగుందికదా అని బరువు పెంచేయడమో కారణం ఉంటుంది. భయపడకుండా రెండు వారాల కిందటి లెక్కకి వెళ్లి మళ్లీ రండి.

ఎనిమిదో వారం దాటి పది అడుగుల డైరీ నిండా "బాగుంది" అనే ఉంటే మెట్టు పనిలోకి దిగొచ్చు. జిమ్‌లో ఉండే స్టెప్పర్ పలక, జానెడు ఎత్తుకి మించకుండా. కుడి పాదం పూర్తిగా పలక మీద పెట్టి, కింది కాలితో తన్నకుండా, కుడికాలి బలంతోనే లేవాలి. 8 సార్లు, రెండు విడతలు. అది వారం పది రోజులు సాఫీగా సాగాక దిగడం నేర్చుకోవాలి. పలక మీద కుడికాలితో నిలబడి, ఎడమ మడమ నేలకి తగిలీ తగలకుండా నాలుగు అంకెల్లో దిగి, మళ్లీ లేవడం. మీకు నొప్పంతా దిగేటప్పుడే ఎందుకంటే, దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువుని ఆపాలి, బ్రేకు వేస్తూ బండి దించినట్టు. బ్రేకు అరిగితే ఎత్తు ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడే తెలుస్తుంది. ఈ దిగడం అనే పాఠానికి తొందరపడితే మళ్లీ మొదటికొస్తారు. అందాకా ఇంట్లో మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని ముందు కుడికాలు, అంటే నొప్పికాలు, కిందికి వెయ్యండి. ఎక్కేటప్పుడు ముందు మంచికాలు.

ఇక మీ మొక్కు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా నడక. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే కానీ, దూరం తక్కువ కాబట్టి నిట్టనిలువు. మీ మోకాలికి అలిపిరే నయం, మధ్యలో చదునుగా నడిచే చోట్లు ఉంటాయి, ఆగడానికి నీడ ఉంటుంది. మెట్లలో సగానికి పైగా గాలిగోపురం లోపే వచ్చేస్తాయి, ఉత్సాహం కొద్దీ అక్కడే అలిసిపోతారు జనం. చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు ఎత్తుగా ఉంటాయి, దానికోసం బలం దాచుకోవాలి. అక్కడ మోకాళ్ల మీద ఎక్కే ఆచారం ఉంది, మీరు మాత్రం పాదాల మీదే, కమ్మీ పట్టుకుని ఎక్కండి.

ఐదు నెలల్లో మీరు ఎక్కగలరనే నా అంచనా. ఒక షరతు ఉంది. బయల్దేరడానికి నెల ముందు మీ అపార్ట్‌మెంటులోనో ఆఫీసులోనో 20 అంతస్తులు, మధ్యమధ్య ఆగుతూ ఎక్కి, ప్రతిసారీ లిఫ్టులో దిగి, మర్నాడు పది అడుగుల పరీక్ష పెట్టుకోండి. బాగుంటే తర్వాతి వారం 30, ఆ తర్వాత 40. 20 దగ్గరే మోకాలు పొంగితే మొక్కు ఇంకో ఆరు నెలలు వాయిదా వెయ్యండి. సామాన్లు అలిపిరి దగ్గర ఇచ్చేస్తే దేవస్థానం వాళ్లు ఉచితంగానే పైకి చేరుస్తారు, కాబట్టి వీపు మీద సంచితో ఎక్కొద్దు. తెల్లవారుజామునే మొదలుపెట్టి, ప్రతి రెండొందల మెట్లకీ ఆగండి, కాళ్లు చాపుకుని రెండు నిమిషాలు కూర్చోండి. దర్శనం అయ్యాక ఎంత హుషారుగా ఉన్నా, పక్కవాళ్లు ఎంత బలవంతపెట్టినా మెట్ల మీదుగా దిగొద్దు. బాలాజీ బస్టాండుకి వెళ్లి తిరుపతి బస్సెక్కండి, కాలు చాపుకోడానికి వీలుండే సీటు చూసుకుని.